చెవికో పుస్తకం, కంటికో పుస్తకం

నమస్తే అమ్మా. మీరు రాసినదంతా రెండుసార్లు చదివాను. బాబుకు తొమ్మిదేళ్లు. మూడో తరగతి అయ్యాక బడి మాన్పించి, హనుమకొండలో ఇంట్లోనే ఏడాదిగా చెప్పుకుంటున్నారు. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు విడివిడిగా అడిగితే అన్నీ చెబుతాడు. వాక్యం చదవమంటే మాత్రం ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పోయి, చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోతాడు. నాలుగో తరగతి తెలుగు వాచకం, బొమ్మల పంచతంత్రం, పాత చందమామలు తెచ్చిపెట్టారు. ఏది ఇచ్చినా రెండు పేరాలకే మూసేస్తున్నాడు. మీరు చదివి వినిపిస్తే మాత్రం గంటైనా కదలడు. ఇంకా ఏ పుస్తకాలు కొనాలి అని అడిగారు.

ఒక నెల ఏమీ కొనకండి. ఇంట్లో ఉన్నవి చాలు, వాటిలో కొన్నిటి పని మార్చాలి. ఎందుకో వివరంగా రాస్తాను.

నేను ప్రాథమిక పాఠశాలల్లో 26 ఏళ్లు పనిచేశాను. రిటైరైనప్పటి నుంచి చదవడంలో వెనకబడ్డ పిల్లలకు ఒక్కొక్కరికీ విడిగా చెబుతున్నాను. మీరు రాసినదాంట్లో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది చివరి మాట. గంటసేపు కథ వింటున్నాడంటే భాష వచ్చు, కథ పట్టుకోవడం వచ్చు, గుర్తుపెట్టుకోవడం వచ్చు. చిక్కు ఒక్కచోటే ఉంది. కన్ను చూసిన అక్షరం నోట్లో మాటగా మారడానికి ఎక్కువ సమయం పడుతోంది. 1974లో లబెర్జ్, శామ్యూల్స్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు దీన్ని వివరించారు. మన ధ్యాస కొంతే ఉంటుంది. అదంతా అక్షరాలు విప్పడానికే ఖర్చయితే అర్థానికి మిగలదు. కొత్తగా బండి నేర్చుకునేటప్పుడు క్లచ్చు, గేరు, బ్రేకు మీదే మనసంతా ఉండి, పక్కన ఎవరేం మాట్లాడినా వినపడదు కదా, అలాగే. చేయి అలవాటుపడ్డాక అదే బండి మీద కబుర్లు చెప్పుకుంటూ పోతాం. బాబుకు కావాల్సింది ఆ అలవాటు. అది కష్టమైన పుస్తకంతో రాదు. సులువైనదాన్ని మళ్లీ మళ్లీ చదివితే వస్తుంది.

తొమ్మిదేళ్లొచ్చినా ఇంకా ఇలాగేనా అని మీరు టెన్షన్ పడుతున్నట్టున్నారు. మన లిపి సంగతి ఒకసారి చూడండి. ఇంగ్లిష్‌లో పిల్లవాడు 26 అక్షరాల ఆకారాలు గుర్తుపడితే చాలు. మనకు ప్రతి హల్లూ గుణింతంలో పదికి పైగా రూపాలు మారుస్తుంది, పైగా కింద ఒత్తులు. సొనాలీ నాగ్ అనే పరిశోధకురాలు 2007లో కన్నడ పిల్లల మీద చేసిన అధ్యయనంలో, అక్షరాలన్నీ పట్టుబడటానికి మొదటి ఏడాది సరిపోదని, ఆ నేర్చుకోవడం నాలుగో తరగతి దాకా సాగుతూనే ఉంటుందని తేలింది. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు. కాబట్టి తొమ్మిదేళ్లకు నెమ్మదిగా ఉండటం వింతేమీ కాదు.

ఒత్తుల దగ్గర పిల్లలు ఎందుకు ఆగుతారో పెద్దవాళ్లకు సాధారణంగా తెలియదు, ఎందుకంటే మనం ఎప్పుడో మర్చిపోయాం. 'వస్తే' అన్న మాట చూడండి. ఏత్వం స మీద ఉంది, త ఒత్తు కింద ఉంది. కన్ను ముందు 'సే' అని చూస్తుంది. నోరు మాత్రం 'స్' అని ఆగి 'తే' అనాలి. అందుకే పిల్లవాడు 'వ... సే... త' అంటాడు. అది తెలివితక్కువ కాదు, కనిపించింది కనిపించినట్టు చదువుతున్నాడు. పైగా క, త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరంలా ఉండవు. మ, వు పక్కపక్కన పెడితే ఎంత దగ్గరగా ఉంటాయో చూడండి. విడిగా అడిగితే చెప్పడం వేరు, పరుగులో గుర్తుపట్టడం వేరు.

ఇంకో సంగతి, ముందుగా కళ్లు చూపించండి. ఇప్పటిదాకా చూపించకపోతే ఈ వారమే వెళ్లండి. బడిలో ఉంటే బోర్డు కనిపించట్లేదని ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఇంట్లో చదివే పిల్లలకు ఆ అవకాశం తక్కువ. అద్దాలు వచ్చాక సగం కష్టం తీరిన పిల్లలను చూశాను.

ఇప్పుడు పుస్తకాలు. ఇంట్లో రెండు అరలు పెట్టండి. ఒకటి చెవి అర, రెండోది కంటి అర. చెవి అరలోవి మీరు చదువుతారు, అతను వింటాడు. కంటి అరలోవి అతను చదువుతాడు. ఈ రెండూ కలిపేయడం వల్లే మీ ఇంట్లో పుస్తకాలు మూతపడుతున్నాయి.

చందమామలు, పంచతంత్రం చెవి అరలోకి పోవాలి. చందమామ 1947 జులైలో మొదలైన పత్రిక. కథ చెప్పే తీరు చాలా బాగుంటుంది, కానీ అచ్చు రెండు నిలువు వరుసల్లో దగ్గరగా ఉంటుంది, వాక్యాలు పొడవు, రాజులు, మంత్రులు, వర్తకులు, బేతాళుడు అంటూ పాత్రలెక్కువ. తడబడే కంటికి అది బరువు. చెవికి మాత్రం విందు. రోజూ ఇరవై నిమిషాలు చదివి వినిపించండి, బాబుకు చదవడం వచ్చాక కూడా ఆపకండి. కథల్లోని మాటలు చెవిలో పడి ఉంటేనే రేపు అచ్చులో కనిపించినప్పుడు కన్ను వాటిని పట్టుకుంటుంది. 'హుటాహుటిన' అన్న మాట ఎప్పుడూ వినని పిల్లవాడు దాన్ని సరిగ్గా చదివినా సరిగ్గా చదివానో లేదో అతనికే తెలియదు. ఒక్క నియమం పెట్టుకోండి. చెవి అర పుస్తకంలోంచి "ఈ ఒక్క లైను నువ్వు చదువు నాన్నా" అని ఎప్పుడూ అడగొద్దు. ఒకసారి అడిగారంటే ఆ ఇరవై నిమిషాలు కూడా పరీక్షగా మారిపోతాయి.

కంటి అరలోకి ఏది రావాలో తేల్చడానికి చిన్న పద్ధతి ఉంది. పుస్తకం మధ్యలోంచి సుమారు యాభై మాటలు ఎంచుకోండి. బాబును చదవమనండి. మీరు పక్కన కాగితం మీద ఆగిన మాటలు, తప్పు చదివిన మాటలు గుర్తుపెట్టుకోండి. ఒకటి రెండు చోట్ల ఆగితే ఆ పుస్తకం అతను ఒక్కడే చదువుకోగలడు. మూడు నుంచి ఐదైతే మీరు పక్కన కూర్చుని చదివించాలి. ఐదు దాటితే ఈ నెలకు అది కంటి అరలోకి రాదు, నచ్చితే చెవి అరలో పెట్టండి. వంద మాటలకు 95 సరిగ్గా వస్తే సులువు, 90 కన్నా తగ్గితే కష్టం అని చదువు చెప్పేవాళ్లు వాడే లెక్కకు ఇది ఇంటి రూపం. అతను ఆగినప్పుడు మీ ముఖంలో ఏమీ కనిపించకూడదు. పిల్లలు మన ముఖాన్ని అక్షరాల కన్నా వేగంగా చదువుతారు.

తరగతిని చూసి పుస్తకం ఇవ్వడం ఎంత తప్పో నా అనుభవమే చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక పిల్లవాడు నాలుగో తరగతిలో ఉన్నాడని నాలుగో తరగతి వాచకమే పట్టుకుని నెలలు కూర్చోబెట్టాను. చివరికి పాఠం గడగడా అప్పజెప్పాడు. చాలా సంతోషించాను. ఇన్‌స్పెక్షన్ రోజున పుస్తకం వేరే పేజీ తెరిచి ఇస్తే, మొదటి పాఠమే చెప్పడం మొదలుపెట్టాడు. పేజీ వంక చూడనే లేదు. విని బట్టీ పట్టాడు, చదవలేదు. తప్పు అతనిది కాదు, నాది. ఆ పిల్లవాడి ఇంట్లో మేకలుండేవి. మర్నాడు "నీ మేకల గురించి చెప్పు" అని అడిగి, అతను చెప్పిన ఎనిమిది వాక్యాలు అతని మాటల్లోనే పలక మీద పెద్ద అక్షరాలతో రాశాను. "మా నల్ల మేక దొంగది. అది దడి దూకుతది. అవ్వ కర్ర తీసుకుంటది." ఆ ఎనిమిది వాక్యాలు రెండు రోజుల్లో చదివాడు, ఈసారి నిజంగా చదివాడు. వాక్యాల వరుస మార్చి రాసినా చదివాడు.

అందుకే కంటి అరలో మొదటి పుస్తకం మీ బాబు చెప్పగా మీరు రాసినదే కావాలి. ఇది బజారులో దొరికే ఏ పుస్తకం కన్నా గొప్పది, ఎందుకంటే ఇందులో అతని చెవికి తెలియని మాట ఒక్కటీ ఉండదు. తర్వాత రాబోయే మాట ఏమిటో సగం తెలిసే ఉంటుంది, కన్ను దాన్ని సరిచూసుకుంటుంది అంతే. ఆదివారం చెరువు దగ్గరికి వెళ్లడం, అమ్మమ్మ ఇంట్లో కుక్కపిల్ల, నిన్న ఆడిన క్రికెట్, ఏదైనా సరే. అతను చెప్పినట్టే రాయండి. మీరు దిద్దొద్దు. ఆరు నుంచి పది వాక్యాలు చాలు.

మీది హనుమకొండ కాబట్టి ఇంకో మాట. బాబు ఇంట్లో "పోయిండు, వచ్చిండు" అంటాడు కదా. అచ్చు పుస్తకంలో "వెళ్లాడు, వచ్చాడు" అని ఉంటుంది. చదువుతూ చదువుతూ 'వెళ్లాడు' అని ఉన్నచోట 'పోయిండు' అన్నాడనుకోండి, ఆపి సరిదిద్దకండి. అర్థం బుర్రలోకి వెళ్లి, తన భాషలో బయటికి వచ్చిందన్నమాట. కూడబలుక్కునే పిల్లవాడు ఆ పని చేయగలిగాడంటే నాకు పండగే. మీరు రాసే చిన్న పుస్తకాల్లో ఇంటి మాటే ఉంచండి. పుస్తకాల భాష చెవి అర ద్వారా ఎలాగూ అందుతుంది. మన యాస రాయడానికి పనికిరాదేమో అన్న భయం పిల్లవాడికి పొరపాటున కూడా కలగనివ్వొద్దు.

రాసేటప్పుడు అచ్చు మీద శ్రద్ధ పెట్టండి. ఫోన్‌లో టైపు చేసి ప్రింటు తీస్తే అక్షరాల సైజు 20 పాయింట్లు, వరుసకూ వరుసకూ మధ్య ఒకటిన్నర రెట్లు ఖాళీ ఉండాలి. తెలుగులో కింద ఒత్తు, పైన గుడి రెండూ ఉంటాయి. వరుసలు దగ్గరైతే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తాకుతుంది, కన్ను తికమకపడుతుంది. అందంగా ఉంటుందని వంకర్ల ఫాంటు వాడొద్దు. వరుసను ఎక్కడ విరవాలన్నది కూడా ముఖ్యం. మాట మధ్యలో కాకుండా ఊపిరి ఆగేచోట విరవండి. "అమ్మమ్మ ఇంటి వెనక / పెద్ద చింతచెట్టు ఉంది" అన్నప్పుడు ఆ గీత ఉన్నచోట కొత్త వరుస మొదలుపెట్టండి. ఒక్కో మాటా విడివిడిగా చదివే పిల్లలు మాటలను గుత్తులుగా చదవడం దీనివల్లే నేర్చుకుంటారు. ఎ4 కాగితం మడిచి చిన్న పుస్తకంలా కుట్టి, అట్ట మీద అతని పేరు రాయండి. బొమ్మలు అతను వేస్తాడు.

ఇక అచ్చు పుస్తకాలు. సన్నగా ఉన్న పుస్తకం సులువని అనుకోకండి, వాక్యం తక్కువ మాటలతో ఉన్నా సులువు కాదు. ఈ రెండూ చూడండి.

"అరణ్యమధ్యమున నివసించుచున్న వృద్ధసింహమొకటి ఆహారాన్వేషణకై బయలుదేరినది."

"అడవిలో ఒక ముసలి సింహం ఉంది. దానికి బాగా ఆకలి వేసింది. ఏదైనా దొరుకుతుందా అని బయలుదేరింది."

మొదటిదాంట్లో ఐదు మాటలే. రెండోదాంట్లో పదమూడు. అయినా బాబు రెండోది చదువుతాడు, మొదటిది చదవలేడు. సంధులు, సమాసాలు అతుక్కున్న పొడవాటి మాట మన పిల్లలకు పెద్ద గోడ. పంచతంత్రం పేరుతో వచ్చే పుస్తకాల్లో సగం ఇలాంటి భాషలోనే ఉంటాయి, అట్ట మీద మాత్రం రంగురంగుల సింహం ఉంటుంది. అందుకని కొనేముందు ఒక పేజీ మీరే పైకి చదవండి. మీ ఊపిరి వాక్యం మధ్యలో అయిపోతే ఆ పుస్తకం వద్దు. సంభాషణలు ఉన్న పుస్తకమైతే తీసుకోండి. "ఏంటి?", "రాను పో", "అయితే సరే" లాంటి మాటలు పిల్లల నోట్లో రోజూ ఉండేవే, వాటిని చూడగానే గొంతు దానంతటదే పైకీ కిందికీ వెళుతుంది. అదే మాట, అదే వాక్యం మళ్లీ మళ్లీ వచ్చే కథలు ఇంకా మంచివి. ఏడు చేపల కథ లాంటివి మన దగ్గర ఎన్నో ఉన్నాయి. చేప ఎందుకు ఎండలేదు, గడ్డిమోపు ఎందుకు అడ్డమొచ్చింది, ఆవు ఎందుకు మేయలేదు అని ఒకే అచ్చులో పోసినట్టు వాక్యాలు వస్తూ ఉంటాయి. నాలుగో ప్రశ్నకు వచ్చేసరికి పిల్లవాడి కన్ను పరుగెత్తుతుంది. ఆ కథ మీకు నోటికి వచ్చే ఉంటుంది, మీ ఇంట్లో చెప్పుకునే తీరులో రాసి ఇవ్వండి.

ఒత్తులు లేని పుస్తకాలు ఇవ్వాలా అని చాలామంది అడుగుతారు. ఒక వారం పది రోజులు, నమ్మకం కలగడానికి ఇవ్వొచ్చు. అంతకుమించి వద్దు. అమ్మ, నాన్న, అక్క, అన్న, తమ్ముడు, అత్త, అన్నం అన్నీ ఒత్తుల మాటలే. వచ్చాడు, వెళ్లాడు, అన్నాడు కూడా అంతే. ఒత్తులు లేకుండా రాసిన కథలో ఎవరూ రారు, ఎవరూ పోరు, ఎవరూ ఏమీ అనరు. అది తెలుగులా వినపడదు కాబట్టి చెవి సాయం చేయదు. వరుసగా వెళ్లండి. ముందు అక్క, బొమ్మ లాంటి ద్విత్వాలు, తర్వాత చక్రం, పద్యం లాంటి సంయుక్తాలు, రాష్ట్రం, శాస్త్రం లాంటివి చివర్లో. ఒక పేజీలో రాష్ట్రం లాంటి మాట ఒకటి వస్తే మీరే చెప్పేయండి, ఆ ఒక్క మాట కోసం మంచి కథను వదులుకోనక్కర్లేదు.

డబ్బు ఖర్చు లేకుండా దొరికేదాంట్లో స్టోరీవీవర్ అనే పిల్లల కథల వెబ్‌సైట్ మంచిది. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టారు. తెలుగు కథలు చాలా ఉన్నాయి, దించుకుని ప్రింటు తీసుకోవచ్చు. కథలను స్థాయిలుగా విడదీశారు. మొదటి స్థాయిలో 250 మాటల లోపు, రెండో స్థాయిలో 600 దాకా, మూడో స్థాయిలో 1500 దాకా ఉంటాయి. బాబుకు మొదటి స్థాయితోనే మొదలుపెట్టండి. ఒక జాగ్రత్త. అక్కడ ఎవరైనా అనువాదం చేసి పెట్టవచ్చు, అందుకని తెలుగు అన్నీ ఒకే తీరుగా ఉండవు. కొన్ని చదివితే మనం ఇంట్లో మాట్లాడుకున్నట్టే ఉంటాయి, కొన్ని ఇంగ్లిష్‌ను అలాగే దించినట్టు ఉంటాయి. ముందు మీరు పైకి చదివి చూసి, నాలుక తిరిగినవే ప్రింటు తీయండి. తర్వాతి నెల కొనాలనిపిస్తే సికింద్రాబాద్ తార్నాకలోని 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్ల చిన్న పుస్తకాలు చూడండి. మొత్తం సెట్టు ఒక్కసారే తెప్పించకండి, ఐదారు చాలు.

తొమ్మిదేళ్ల పిల్లవాడికి మొదటి స్థాయి పుస్తకం ఇస్తే "ఇది చిన్నపిల్లలది" అని పక్కన పడేస్తాడన్న భయం మీకు ఉండొచ్చు. నిజమే, ఆ వయసులో పౌరుషం ఉంటుంది, దాన్ని మనం గౌరవించాలి. దీనికి నాకు తెలిసిన మంచి దారి ఒకటే. చిన్నపిల్లలకు చదివి పెట్టే పని అప్పజెప్పడం. చెల్లెలో, మేనమామ కొడుకో, పక్కింటి నాలుగేళ్ల పాపో ఎవరైనా ఉంటారు కదా. "శనివారం పాపకు ఈ కథ నువ్వు చదివి పెట్టాలి, కోతి గొంతు కోతిలా రావాలి" అని చెప్పండి. ఇక ఆ వారమంతా అదే కథ ఎన్నిసార్లు చదివినా సిగ్గుండదు, ఎందుకంటే అది తయారీ. దగ్గర ఎవరూ లేకపోతే అమ్మమ్మకు ఫోన్‌లో చదివి వినిపించనివ్వండి. ఇంట్లో చదివే పిల్లలకు వినేవాళ్లు కరువు. ఆ లోటు మనమే తీర్చాలి.

చదివించే తీరు కూడా పుస్తకంలో భాగమే అనుకోండి. మొదటి రోజు మీరు మాటల కింద వేలు నడిపిస్తూ చదవండి, అతను వింటూ చూస్తాడు. రెండో రోజు ఇద్దరూ కలిసి ఒకే గొంతుతో చదవండి, అతను తడబడినా మీ గొంతు ఆగకూడదు. మూడో రోజు అతను చదువుతాడు. నాలుగో రోజు పాపకో అమ్మమ్మకో వినిపిస్తాడు. రోజుకు పది పదిహేను నిమిషాలకు మించొద్దు. అదే భాగాన్ని మళ్లీ మళ్లీ చదివించే ఈ పద్ధతి గురించి శామ్యూల్స్ 1979లోనే రాశారు. 2000లో అమెరికాలో నేషనల్ రీడింగ్ ప్యానెల్ అనే నిపుణుల బృందం అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను పరిశీలించి, పక్కన ఒకరుండి సాయం చేస్తూ పైకి మళ్లీ మళ్లీ చదివిస్తే ధారాళంగా చదవడం పెరుగుతుందని తేల్చింది. ఒక్కడినే కూర్చోబెట్టి మనసులో చదువుకొమ్మంటే పెరుగుతుందనడానికి తగిన ఆధారం దొరకలేదని కూడా చెప్పింది. కాబట్టి "పుస్తకం తీసుకుని కాసేపు చదువుకో పో" అనడం ఇప్పటికి ఆపండి.

మాట దగ్గర ఆగితే మనసులో నాలుగు అంకెలు లెక్కపెట్టి, అప్పటికీ రాకపోతే మాట చెప్పేయండి. "కూడబలుక్కో, ఏం ఒత్తు అది?" అని అక్కడే ఆపితే కథ చచ్చిపోతుంది. కథ అయ్యాక ఆ రెండు మూడు మాటలకు తిరిగి వచ్చి, చీటీ మీద పెద్దగా రాసి, ఒత్తు చేత్తో మూసి ఒకసారి, తీసి ఒకసారి చదివించండి.

పొడుపు కథలు మర్చిపోవద్దు. "అడవిలో పుట్టింది, అడవిలో పెరిగింది, మా ఇంటికొచ్చింది, తైతక్కలాడింది" అని చీటీ మీద రాసి ఇచ్చి, సాయంత్రం వచ్చే చుట్టాలను అడగమనండి. జవాబు కవ్వం. ఒకే చీటీని నలుగురికి నాలుగుసార్లు చదువుతాడు, ఎవరూ చదవమనకుండానే. "తోక లేని పిట్ట తొంభై ఆమడ పోతుంది" కూడా అలాంటిదే, జవాబు ఉత్తరం. ఇలాంటివి ఇరవై రాసి డబ్బాలో వేసిపెట్టండి.

పద్యాలు, పాటలు వేరు సంగతి. వేమన పద్యం నోటికి వచ్చిన పిల్లవాడు పుస్తకం చూస్తూ అప్పజెబుతాడు, మనం చదివాడనుకుంటాం. నా మేకల పిల్లవాడితో నేను చేసిన పొరపాటే ఇది. పద్యం వాడాలంటే నాలుగు పాదాలూ నాలుగు చీటీలుగా కత్తిరించి, కలిపేసి, సరైన వరుసలో పేర్చమనండి. అప్పుడు కన్ను అక్షరం మీద ఆగక తప్పదు. పాటలకైతే తెర మీద పాట నడుస్తుండగా అదే భాషలో అక్షరాలు వచ్చేవి వెతకండి. తెలిసిన పాట అక్షరాలను కళ్లు వాటంతటవే వెంబడిస్తాయన్న ఆలోచనతోనే 1996లో అహ్మదాబాద్ ఐఐఎంలో బ్రిజ్ కొఠారి ఆ పని మొదలుపెట్టారు. బాబుకు ఇష్టమైన రెండు పాటలు చాలు.

బొమ్మల కామిక్స్‌లో బుడగల్లో చేతిరాత ఇరుకుగా ఉంటుంది, ఇంకొంత కాలం ఆగండి. దినపత్రికలో హెడ్డింగులు చదివించండి, వార్త వద్దు.

వేగం కొలవడం గురించి ఒక మాట. హోమ్‌స్కూలింగ్ చేసే తల్లిదండ్రుల మధ్య ఇంగ్లిష్ పట్టిక ఒకటి తిరుగుతూ ఉంటుంది. హాస్‌బ్రూక్, టిండల్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 2017లో ఇచ్చిన లెక్క అది, మూడో తరగతి చివరికి సగటు పిల్లవాడు నిమిషానికి 112 మాటలు చదువుతాడని. దాన్ని తెలుగుకు పెట్టి చూసి బెంగపడకండి. 'వెళ్లలేకపోయాను' అని మనం ఒక్క మాటలో చెప్పేదానికి ఇంగ్లిష్‌లో నాలుగు మాటలు కావాలి. మన దేశంలో 2021లో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం మూడో తరగతి చివరికి అర్థంతో నిమిషానికి కనీసం 60 మాటలు అని లక్ష్యం పెట్టుకుంది. అది కూడా మీకు దిక్సూచి మాత్రమే. బాబు ముందు గడియారం పెట్టొద్దు. నెలకోసారి, కొత్త పేజీ ఒకటి చదువుతుంటే ఫోన్‌లో రికార్డు చేసి దాచండి. మూడు నెలల తర్వాత మొదటిదీ మూడోదీ పక్కపక్కన వినండి, అప్పుడు అతనికీ వినిపించండి.

ఇంగ్లిష్ కూడా నేర్పుతున్నామన్నారు. అది మాట్లాడటం, వినడం వరకు నడవనివ్వండి, చదివించడం కొద్దిగానే. తెలుగులో అక్షరం చూస్తే శబ్దం తెలుస్తుంది. ఇంగ్లిష్ అలా కాదు. చెవికి బాగా తెలిసిన భాషలో ముందు ధారాళంగా చదివితే, తనకు చదవడం వచ్చు అన్న నమ్మకంతో రెండోదానికి వెళతాడు.

ఇలా నాలుగైదు నెలలు రోజూ చేశాక కూడా నిన్న చదివిన మాట ఇవాళ కొత్తగా కనిపిస్తుంటే, రాతలో అక్షరాలు తరచూ తారుమారవుతుంటే, లేదా మీ ఇద్దరి కుటుంబాల్లో ఎవరికైనా చిన్నప్పుడు ఇలాగే ఉండి ఉంటే, క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గర పరీక్ష చేయించండి. డిస్లెక్సియా (చదవడంలో, రాయడంలో వచ్చే ప్రత్యేకమైన ఇబ్బంది) లాంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యాలను 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించింది. రేపు ఓపెన్ స్కూల్ ద్వారా పరీక్షలు రాయించాలనుకుంటే సర్టిఫికెట్ ఉన్న పిల్లలకు అదనపు సమయం లాంటి వెసులుబాట్లు అడగవచ్చు. పరీక్ష చేయించడం అంటే బాబు మీద ముద్ర వేయడం అని ఇంట్లో పెద్దవాళ్లు అనవచ్చు. వాళ్లకు ఓపిగ్గా చెప్పండి. పేరు తెలిస్తే దారి తెలుస్తుంది. పేరు పెట్టకపోతే పిల్లవాడు తనకు తానే 'మొద్దు' అని పేరు పెట్టుకుంటాడు, అది నేను చాలామంది పిల్లల నోట విన్నాను, ఒక్కసారి కూడా తేలిగ్గా తీసుకోలేకపోయాను.

ఈ వారానికి ఇంత చేయండి. వాచకాన్ని బీరువాలో పెట్టేయండి, నాలుగు నెలల తర్వాత చూద్దాం. చందమామలు మీ చేతిలోకి తీసుకోండి. బాబు దగ్గర కూర్చుని అతను చెప్పింది ఎనిమిది వాక్యాలు రాయండి. స్టోరీవీవర్‌లోంచి మొదటి స్థాయి కథలు రెండు ప్రింటు తీయండి, పొడుపు కథల చీటీలు ఐదు రాయండి. రెండు వారాలయ్యాక బాబు చెప్పిన ఆ ఎనిమిది వాక్యాలూ నాకు రాసి పంపండి, ఏ మాటల దగ్గర ఆగుతున్నాడో వాటి కింద గీత గీయండి. అవి చూస్తే తర్వాత ఎలాంటి కథలు ఇవ్వాలో చెప్పగలను.